నాందేడులో రెండు చేతులు

మా ముత్తాత ఉప్పల్‌కు మాలీ పటేల్, ఊరి శిస్తు వసూలు ఆయన చేతిలో ఉండేది. ఆయన వాకిట్లోకి వచ్చినవాళ్ళు చెప్పులు చేత పట్టుకుని నిలబడేవారు. మా తాత పోలీసు పటేల్. నాచారం చెరువు నుంచి ఉప్పల్ పొలిమేర దాకా ఏ తగాదా వచ్చినా ఆయన మాటే చివరి మాట. మా నాయన ఏ పదవీ చేయలేదు గాని, పోయేవరకు గంజిపెట్టిన ధోవతే కట్టారు. మన ఇంటివాళ్ళు ఒకరి ముందు చెయ్యి చాపరని ఆయన మాకు అన్నం ముద్దతో పాటే తినిపించారు. అట్లాంటి ఇంటివాణ్ణి, మొన్న కాప్రాలో ఒక పెళ్ళి భోజనంలో రోటీలు వడ్డించే ఆయన దగ్గరికి రాగానే, పళ్ళెం వదిలేసి రెండు చేతులూ దోసిలి పట్టాను. పక్కనున్న బావమరిదికి నవ్వుతో పొలమారింది. "గిదేం అలవాటు బావా, ప్లేట్ల ఏస్తరు గద!" అన్నాడు. అది నాందేడులో అబ్బిన అలవాటు. వాడికి అక్కడ చెప్పలేదు, ఇక్కడ చెబుతాను.

అప్పటికి తెలంగాణ రావడానికి ఇంకా ఆరేడేళ్ళుంది. నాకు నలభై దాటాయి. ఇంటి పేరు చెప్పుకోవడం తప్ప వేరే పని లేదు. నా భార్య చుట్టుపక్కల కాలనీల ఆడవాళ్ళకు జాకెట్లు కుడుతుంటే ఇల్లు గడిచేది. ఆ మిషను చప్పుడు వినపడకుండా నేను రేడియో పెద్దగా పెట్టుకునేవాణ్ణి. మల్లాపూర్‌లో లేత్ మిషన్ల షెడ్డున్న సర్దార్‌జీ ఒకాయన మా నాయన కాలం నుంచి ఇంటికి వచ్చిపోతుండేవాడు. పుట్టి పెరిగింది ఇక్కడే గనుక ఆయన తెలుగు మాకంటే చిక్కన. ఒకరోజు చాయ్ తాగుతూ, "పటేలా, నా షెడ్డుల స్టోరు సూస్కునేటందుకు నమ్మకమున్న మనిషి గావాలె. నువ్వు రా" అన్నాడు. ఒకరి కింద, నెల జీతానికి! ఆలోచిస్తానన్నాను. లోపల కుట్టుమిషను ఆగింది. మళ్ళీ కదలడానికి చాలాసేపు పట్టింది. సర్దార్‌జీ గ్లాసు కింద పెట్టి, "ఫికర్ జెయ్యకు. వచ్చేవారం మేం నాందేడు గురుద్వారాకు వోతున్నం, మీరిద్దరు గూడ రాండ్రి. తిరిగొచ్చే లోపల జెప్పు. గాదంటే ఇంకొకర్ని సూస్కుంట" అన్నాడు.

ప్రయాణమనేసరికి నాకు కాలు నిలవలేదు. మా తాత కాలంలో నాందేడు కూడా నిజాం ఇలాకాయే గనుక, పరాయి రాజ్యానికి పోతున్నట్టు కాదని మనసుకు చెప్పుకున్నాను. అక్కడ తల కప్పుకోవాలని తెలియగానే పెట్టె అడుగునుంచి తాత జరీ తలపాగా బయటికి తీశాను. ఉప్పల్ చౌరస్తాలో అది చుట్టుకుని నడిస్తే బ్యాండుమేళంవాణ్ణి అనుకుంటారు. దాన్ని కట్టుకోదగ్గ ఊరొకటి ఇన్నాళ్ళకు దొరికింది. బాసర దగ్గర రైలు గోదావరి మీదికి రాగానే డబ్బా అంతా కిటికీలకు అతుక్కుంది. నా భార్య రూపాయి బిళ్ళ నీళ్ళలోకి విసిరి కళ్ళు మూసుకుంది. ఏం కోరుకుందో అడగలేదు. తెలుసు.

నాందేడులో ఎటు చూసినా తలపాగాలే: నీలివి, కాషాయపువి, పసుపువి. నడుముకు కత్తులు కట్టుకుని కూరగాయలు బేరమాడేవాళ్ళను నేను అంతకుముందు చూడలేదు. ఒక నీలి అంగీ ముసలాయన గుర్రం మీద పోతూ నా తలపాగా చూసి చెయ్యెత్తి పలకరించాడు. నా వెన్ను ఇంకో అంగుళం నిటారయింది. గురుద్వారా బంగారు గుమ్మటం మీద ఎండ పడి కళ్ళు చెదిరాయి. కాళ్ళ కింద పాలరాయి చల్లగా ఉంది, లోపలి నుంచి తబలాతో కీర్తన వస్తోంది. నా భార్య నా మోచెయ్యి పట్టుకుని "సూడుండ్రి, గటు సూడుండ్రి" అంటూనే ఉంది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో పదిమందిలో ఆమె నన్ను తాకడం అదే మొదలు.

దర్శనమయ్యాక లంగరు, అంటే అక్కడ అందరికీ పెట్టే భోజనం. పొడుగాటి చాపల మీద వరుసలు, వందల స్టీలు పళ్ళేల మోత, పప్పు తాలింపు వాసన. పక్కన ఎవరు కూర్చుంటారో ఎంచుకునే వీలు లేదు. నాకు ఒకపక్క నా భార్య, ఇంకోపక్క నిజామాబాద్ లారీ డ్రైవర్ ఒకాయన, ఎదుటి వరుసలో సర్దార్‌జీ. రొట్టెల బుట్టతో ఒక ముసలాయన వచ్చి నా ముందు వంగాడు. నేను పళ్ళెం చూపించాను. మా వాకిట్లో తిండి చేతుల్లో పెట్టించుకునేది కూలీలు. ఇంటివాళ్ళకు విస్తట్లో వడ్డిస్తారు. ఆయన మెల్లగా "దోనో హాత్, జీ" అన్నాడు. రెండు చేతులూ పట్టమని. నేను పళ్ళెం ఇంకొంచెం పైకెత్తాను. ఆయన కోపగించుకోలేదు, ముందుకు కదలనూ లేదు. వరుస ఆగిపోయింది.

"అన్నా, జర వట్టరాదే! నా కడుపుల ఇంజన్ మోగుతుంది" అన్నాడు డ్రైవర్.

నా భార్య నావైపు తిరగకుండానే, "చేతులు వట్టుండ్రి. నేను దినాం వడ్తలేనా?" అన్నది.

ఎదుట సర్దార్‌జీ, పదిమంది పనివాళ్ళకు జీతాలిచ్చే మనిషి, చేతులు చాపి తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు. నన్ను చూడటం లేదు. రొట్టె వచ్చే దిక్కే చూస్తున్నాడు, ఆకలిగా. నేను పళ్ళెం కింద పెట్టాను. దోసిట్లో రొట్టె పడింది. అరచేతులు కాలాయి, వదల్లేదు. నెయ్యి వేళ్ళ సందుల్లోంచి కారింది. ఆ పూట ఐదు రొట్టెలు తిన్నాను, ఐదుసార్లూ చేతులు పట్టాను.

భోజనాల తరువాత సర్దార్‌జీ పైజామా పైకి చెక్కుకుని ఎంగిలి పళ్ళేలు తోముతున్నాడు. పక్కన నిలబడి, "సోమవారం ఎన్ని గంటలకు రావాలె?" అని అడిగాను.

"ఎనిమిదిన్నరకు, పటేలా. ముందుగాల ఈ పళ్ళేలు అందుకో" అన్నాడు.

ఆ సాయంత్రం గోదావరి ఒడ్డున నా భార్య వేయించిన పల్లీల పొట్లం కొని, నాకు ఒక్కటీ పెట్టకుండా మొత్తం తనే తిన్నది. తింటూ ఒకటే నవ్వు.

మూడు తరాలు పెంచుకున్న బిగువు పోవడానికి ఒక రొట్టె చల్లారేంత సేపు కూడా పట్టలేదు. కాలం లెక్క నాకు ఇప్పటికీ అందదు. ఆ ఏడాది చివర్న నాచారం దిక్కున తాత ఆస్తిలో మిగిలిన మామిడితోటను ప్లాట్లు చేసేవాళ్ళకు అమ్మేశాం. పొద్దున కాగితాల మీద సంతకం పెట్టి, మధ్యాహ్నం డ్యూటీకి పోయాను.