జబ్బు పేరుతో పిలుపు

ఉదయం పదీ ఇరవైకి జగదల్‌పూర్‌లోని ఓ క్లినిక్‌లో మా ఆవిడ టీ తాగుతోంది. తన జబ్బు సంగతి మా కాలనీలో తెలియకూడదని, గనుల ఊరు కిరండూల్ నుంచి అంత దూరం వెళ్లాం. కాంపౌండర్ తలుపు దగ్గర నిలబడి అరిచాడు.

"రొమ్ము క్యాన్సర్ ఎవరమ్మా? జల్దీ రా!"

హాలంతా ఇటు తిరిగింది. వాళ్లలో మా పక్కింటివాళ్లూ ఉన్నారు.

"సోమారీ అని పేరుతో పిలవలేవా?" అన్నాను.

"ఏంది సార్, సోమవారం పుట్టినోళ్లంతా ఇక్కడ సోమారీలే. పేరు పిలిస్తే నలుగురు లేస్తరు" అని నవ్వాడు.

ఆమె గ్లాసు పక్కన పెట్టి, "పదండి, ఇంటికెళ్దాం" అంది. మళ్లీ ఏ డాక్టరు దగ్గరకూ రానంది. ఏడాది తిరక్కుండా పోయింది.

కర్మకాండ అయ్యాక ఆ క్లినిక్‌కు వెళ్లి డాక్టరుకు జరిగింది చెప్పాను. రోగి జబ్బును బయటపెట్టకూడదని ఆయనకు తెలుసు. అయినా అన్నాళ్లూ ఆ అరుపు వింటూనే ఊరుకున్నాడు.

ఇప్పుడు నంబరు టోకెన్లు ఇస్తున్నారు. అక్కడ జబ్బు పేరుతో ఎవరినీ పిలవడం లేదు.