పెళ్లికూతురి కళ్లలో పసుపు

నా చిన్నప్పుడు మాదన్నపేటలోని మా గల్లీలో మందుబిళ్ల ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఒక ఇంట్లో నొప్పి తగ్గించిన బిళ్ల పక్కింటి నొప్పికీ పనికొస్తుందని అందరి నమ్మకం. డాక్టర్ రాసిన మందు మిగిలితే పారేయడం పాపమన్నట్టు చూసేవాళ్లు. కరివేపాకు రెబ్బ ఇచ్చినట్టే బిళ్లలు కూడా పిట్టగోడ మీదుగా చేతులు మారేవి. ఇరుగుపొరుగు ప్రేమంటే మాకు అదే.

మా నానమ్మ మార్కెట్లో ఆకుకూరలు అమ్మేది. పొద్దంతా కూరకట్టల మీద నీళ్లు చల్లుతూ, తడి గోనెసంచులు సర్దుతూ ఉండడంతో చేతిగోళ్లకు ఫంగస్ పట్టింది. గోళ్లు మందంగా, పచ్చగా మారి అంచులు పొడిపొడిగా రాలేవి. చర్మవ్యాధుల డాక్టరమ్మ ముందు రక్తపరీక్ష చేయించి, కాలేయం బాగుందని చూసుకున్నాకే రోజుకొకటి చొప్పున బిళ్లలు రాసింది. మధ్యలో మళ్లీ పరీక్షకు రమ్మంది. అన్నం సహించకపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా బిళ్లలు ఆపేసి వెంటనే తన దగ్గరికి రావాలని చెప్పింది. నానమ్మ తల ఊపింది. కానీ గోటి మొదట్లో కొత్త గోరు శుభ్రంగా రావడం చూసి, జబ్బు పోయిందనుకుని సగంలోనే మానేసింది. మిగిలిన బిళ్లలు గూట్లో ఉండిపోయాయి.

ఆ రోజుల్లోనే పక్కింటి అక్కకు పెళ్లి కుదిరింది. నాకు జడ వేసేది, పాఠాలు చెప్పేది, కోపం వస్తే జడ పట్టుకుని లాగేది కూడా ఆవిడే. ఎండాకాలం చెమటకు ఆమె మెడ వెనక నుంచి భుజం దాకా తామర పాకింది. నగలు పెట్టేటప్పుడు అత్తింటి ఆడవాళ్లు చూస్తారని ఆమె భయం. డాక్టర్ దగ్గరికి వెళ్తే గల్లీకి తెలుస్తుంది, గల్లీకి తెలిస్తే పెళ్లివారికీ తెలుస్తుంది. ఒకరోజు మా వంటింట్లోకి వచ్చి నానమ్మ పక్కన కూలబడి ఏడ్చింది.

"నీ గోర్లకు ఇచ్చిన్రు గద, గా గోలీలు నాక్గూడ ఇయ్యి అవ్వా. అదీ ఫంగసే, ఇదీ ఫంగసేనాయె."

నానమ్మ మనసు కరిగింది. "దినానికి ఒక్కటే బిడ్డా" అని చెప్పి గూట్లోంచి తీసి ఇచ్చింది. డాక్టరమ్మ చెప్పిన మిగతా మాటలు చెప్పలేదు. తనకేమీ కాలేదు కాబట్టి ఈ పిల్లకూ ఏమీ కాదనుకుంది.

పెళ్లి దగ్గరపడేకొద్దీ అక్క చిక్కిపోయింది. ఏం తిన్నా నోటికి రుచి తెలియడం లేదనేది. ఆమె కంచం పక్కకు నెట్టినప్పుడల్లా చుట్టాలకు నవ్వులాట దొరికేది. "అత్తగారిల్లు యాదికొచ్చి బువ్వ దిగుతలేదు పోరికి" అని ఒకావిడ అంటే, "గిప్పుడే గిట్లుంటే రేపు మొగని ఎదుట నీళ్లు గూడ దిగయ్" అని ఇంకొకావిడ అందుకునేది. అక్క కూడా నవ్వేది, కానీ గోడకు ఆనుకుని నవ్వేది.

నలుగు పెట్టిన రోజు ఇల్లంతా పసుపు వాసన. మా వైపు పెళ్లికూతురిని చేశాక రోజూ ముత్తయిదువలు పసుపు రాస్తారు. ఎంత పచ్చగా తేలితే అంత కళ. అక్కకు స్నానం చేయించిన తరువాత కూడా ముఖం, చేతులు, మెడ పచ్చగానే ఉన్నాయి. రుద్దినా పోలేదు. పసుపు బాగా పట్టిందని అందరూ మురిసిపోయారు. "పెండ్లికళంటే గిది" అని వాళ్ల పెద్దత్త బుగ్గలు నిమిరింది. పసుపు గిన్నె పట్టుకుని కూర్చున్న నాకూ అక్క దేవతలా కనిపించింది.

అప్పుడే నానమ్మ మార్కెట్ నుంచి వచ్చింది. గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. తరువాత అక్కను చెయ్యి పట్టుకుని ఎండలోకి తీసుకెళ్లి, కింది రెప్ప లాగి చూసింది.

"కండ్లల్ల ఎవ్వరు పెట్టిన్రు పసుపు?" అంది.

నలుగు పాట పాడుతున్నవాళ్లు మధ్యలోనే ఆపేశారు. నేను లేచి వెళ్లి చూశాను. అక్క కంటి తెల్లగుడ్డు నిమ్మపండు రంగులో ఉంది. నా చేతిలోని గిన్నె ఎప్పుడు జారిందో నాకు తెలియదు.

అక్క వాళ్లమ్మ ముందుగా తేరుకుంది. కామెర్లే కదా, ఎవరితోనైనా పసరు పోయిద్దాం, పెళ్లి అయ్యాక చూపిద్దాం అంది. నానమ్మ ఆ మాటకు ఊకొట్టి ఊరుకుని ఉంటే తన పేరు ఎక్కడా వచ్చేది కాదు. కానీ ఆమె అందరి ముందూ చెప్పింది. "నేనే ఇచ్చిన గోలీలు. నా గోర్లకు రాసినయ్. గీ పోరిని ఇప్పుడే దవాఖానకు తీస్కపోవాలె." అక్క అప్పుడు నోరు విప్పింది. తామర తొందరగా పోవాలని రోజుకు రెండేసి మింగిందట. అయిపోతే ఖాళీ అట్ట చూపించి మందుల దుకాణంలో మళ్లీ కొనుక్కుందట.

ఒంటిమీద నలుగు తడి ఆరకముందే ఆటో ఎక్కించారు. నేను నానమ్మ కొంగు వదల్లేదు, నన్ను దింపే తీరిక ఎవరికీ లేదు. దవాఖానలో డాక్టర్ ఏమైనా మందులు వాడారా అని అడిగితే వాళ్లమ్మ "ఏం లేదు సార్" అంది. నానమ్మ ముందుకు జరిగి, అక్క దగ్గర తీసుకొచ్చిన బిళ్లల అట్టను బల్ల మీద పెట్టింది. కాలేయం దెబ్బతిందని, ఇంకొన్నాళ్లు మింగి ఉంటే తన చేతిలో కూడా ఉండేది కాదని ఆయన చెప్పాడు. మందు మంచిదేనట. అయితే అది ఎవరికి రాశారో వాళ్లకే మంచిదట, అదీ పరీక్ష చేసి, మోతాదు చూసి ఇస్తేనేనట.

అక్క చాలా రోజులు వార్డులో ఉంది. బతుకుతుందో లేదో తెలియని రోజులు కూడా ఉన్నాయి. మెల్లగా కోలుకుంది. వాయిదా పడిన పెళ్లి తరువాత జరిగింది. తామరను డాక్టర్ రాసిన పూతమందుతోనే తగ్గించారు. వాళ్లమ్మ మాత్రం నానమ్మతో ఏళ్ల తరబడి మాట్లాడలేదు. ఎదురుపడితే నానమ్మే పక్కకు తప్పుకునేది. నిజం చెప్పినందుకు ఆవిడకు కోపం రావాలా అని నేను అడిగితే, "రానీ, పిల్ల దక్కింది గద" అనేది.

ఇప్పుడు నా కూతురి తలలో తామర వచ్చి, అక్కడక్కడా జుట్టు ఊడింది. జుట్టు కుదుళ్లలోకి పూతమందు వెళ్లదని, నోటితో తీసుకునే మందే కావాలని డాక్టర్ అన్నప్పుడు నాకు అక్క కళ్లే గుర్తొచ్చాయి. పిల్లకు ఇస్తున్న సిరప్‌లు, మా అత్తగారు పట్టే కషాయం, అన్నీ చెప్పాను. పరీక్ష అవసరమా, ఎన్నాళ్లు ఇవ్వాలి, ఏం కనిపిస్తే ఆపాలి అని అడిగాను. ఆయన పిల్ల బరువు తూచి మోతాదు రాశాడు. భయపడుతూనే ఇస్తున్నాను. తగ్గినట్టు కనిపించినా మధ్యలో మానను.

మొన్న మా తోటికోడలు వచ్చింది. ఆమె కూతురికీ తలలో అలాగే ఉందట. "రెండు గోలీలు ఇయ్యరాదు, మళ్ల డాక్టర్ దగ్గర గంటలు గంటలు ఎవరు కూసుంటరు" అంది. నేను ఇవ్వలేదు. సొంతవాళ్లకు కూడా ఇవ్వకుండా దాచుకుంటావా అని ముఖం ముడుచుకుంది. మరునాడు ఆ పిల్లను నేనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, గంటలు గంటలు కూర్చుని చూపించుకొచ్చాను. తోటికోడలు ఇంకా నాతో సరిగా మాట్లాడటం లేదు. మాట్లాడకపోనీ.