వెర్నా బ్యాండులో ఊపిరి గుర్తులు

“వీడు ఉన్నట్టుండి ఊపిరి తీసుకోవడం మానేస్తేనో?”

ఆర్డిత్ ఆ మాట పైకే అనేసింది. సాక్సఫోన్ల వరసలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. ప్లాట్ నది పక్కన డాన్సు హాలు. ఆదివారం మధ్యాహ్నం, జనం లేని వేళ రిహార్సలు. పియానో పక్కన బుట్టలో ఆమె చంటి కొడుకు నిద్రపోతున్నాడు.

“వాడు మానేయడు. ఇందాకటి నుంచీ మానేసింది నువ్వు,” అన్నాడు పక్క కుర్చీలోని ఓరిన్. అతనిది మొదటి సాక్సఫోను, ఆర్డిత్‌ది రెండోది. “మొహం చూసుకున్నావా? సున్నం కొట్టినట్టుంది.”

ఆర్డిత్ కాలేజీలో రసాయన శాస్త్రం చదివి, ఊరి పాల కేంద్రంలో పాలు పరీక్షించే ఉద్యోగం చేస్తోంది. ఏ క్రిమి ఎంత వేడికి చస్తుందో ఆమెకు కంఠతా వచ్చు. పిల్లాడు పుట్టాక ఆ చదువే ఆమె మీద పగబట్టింది. తెలియని తల్లికి ఒక భయం ఉంటే తెలిసిన తల్లికి పది. నిద్రపోయే పిల్లాడి ముక్కు కింద చేతి అద్దం పెట్టి, ఆవిరి పడితేనే నడుం వాల్చేది. “నేను చూస్తాలే, పడుకో” అని భర్త లియో అంటే, “నీకు తెలియదు” అని కొట్టిపారేసేది. ఇవాళ వచ్చింది కూడా, ఇక రానని వెర్నాతో చెప్పి సాక్సఫోను పెట్టెలో పెట్టేసుకోవడానికే.

చెప్పాల్సిన మనిషి చేతిలో తాళం చూపే కర్రతో ఎదురుగా నిలబడి ఉంది.

వెర్నా హల్ట్‌క్విస్ట్ స్వీడన్ వాళ్ల పిల్ల. చర్చి ఆర్గన్ మీద సంగీతం నేర్చుకుని ఈ బ్యాండులో పియానో వాయించడానికి చేరింది. యుద్ధం వచ్చి మగవాళ్లను ఒక్కొక్కరినే పట్టుకుపోయింది. నాయకుడి వంతు వచ్చినప్పుడు ఆయన కర్ర ఈమె చేతిలో పెట్టి, “తిరిగొచ్చేదాకా చూస్తుండు” అన్నాడు. తిరిగొచ్చాడు గానీ పాట మీద మనసు విరిగి, టైర్ల దుకాణం పెట్టుకున్నాడు. కర్ర ఆమె చేతిలోనే ఉండిపోయింది.

అప్పట్లో ఆడవాళ్లు నడిపే బ్యాండంటే హాళ్లవాళ్లకు ఒక లెక్క ఉండేది. ఈ హాలు యజమాని కూడా అదే చెప్పాడు: “మంచి గౌను వేసుకో, జనం వైపు తిరిగి నవ్వుతూ కర్ర ఊపు. వాయించేవాళ్లు వాళ్లంతట వాళ్లే వాయిస్తారు.”

“దానికి నేనెందుకండీ? కర్రను ఫ్యానుకు కట్టండి,” అని వెర్నా జనానికి వీపు చూపించి బ్యాండు వైపు తిరిగింది. మళ్లీ ఇటు తిరగలేదు.

అందుకే ఆ జిల్లాలో ఆమె వీపు తెలియనివాళ్లు లేరు, మొహం తెలిసినవాళ్లు తక్కువ. కిరాణా కొట్లో ఎదురుపడితే ఎవరూ పలకరించేవారు కాదు. ఆమె దాటిపోయాక మాత్రం, “అరె, వెర్నా కదూ ఆ పోయేది” అనుకునేవారు.

బ్యాండులోనూ అంతే. ఊళ్లకు వెళ్లేటప్పుడు వాయించేవాళ్లంతా బస్సులో, నాయకురాలు ముందు తన కారులో. హోటల్లో వాళ్లది పొడుగు బల్ల, ఆమెది కౌంటరు దగ్గర ఒంటి స్టూలు. నాయకుణ్ణి తిట్టుకోవడానికి వాయించేవాళ్లకు కాస్త చోటు వదలాలన్నది ఆ వృత్తిలో పాత మర్యాద. ఆమె ఏనాడూ దాన్ని తప్పలేదు.

“మొదటి నుంచి,” అంది వెర్నా.

నిదానమైన పాట. మధ్యలో సాక్సఫోన్లన్నీ కలిసి ఒకే స్వరాన్ని చాలాసేపు పట్టి ఉంచాలి. ఏ ఒక్కరి ఊపిరీ అంతసేపు చాలదు. అందుకని పక్కపక్క కుర్చీలవాళ్లు ముందే మాట్లాడుకుని, ఎవరు ఎక్కడ పీల్చాలో కాగితం మీద పెన్సిలుతో చిన్న కామా పెట్టుకుంటారు. ఒకరు పీల్చేటప్పుడు ఇంకొకరు పట్టి ఉంచుతారు. వినేవాళ్లకు స్వరం తెగినట్టే ఉండదు.

ఆర్డిత్ కళ్లు కాగితం మీద లేవు, బుట్ట మీద ఉన్నాయి. పిల్లాడి దుప్పటి పైకి లేచింది. దానితో పాటే ఆమె రొమ్మూ లేచింది. సరిగ్గా అక్కడే ఓరిన్ కామా. ఇద్దరూ ఒకేసారి పీల్చారు. స్వరం మధ్యలో గొయ్యి పడింది.

వెర్నా కర్ర దించింది. “ఎవరి ఊపిరి చూసి పీల్చావమ్మాయ్?”

ఆర్డిత్ బుట్ట వైపు చూపించింది.

“వాడు నా బ్యాండులో లేడు.”

“చేర్చుకోండి, కనీసం వేళకు పీలుస్తాడు,” అన్నాడు ఓరిన్. అందరూ నవ్వారు. ఆర్డిత్ నవ్వలేదు.

రిహార్సలయ్యాక ఎదురుగా ఉన్న హోటలుకి వెళ్లారు. వాళ్లు పొడుగు బల్ల దగ్గర చేరి మాంసం రొట్టెలు తెప్పించుకున్నారు. వెర్నా కౌంటరు దగ్గర కాఫీ కలుపుకుంటోంది. ఆర్డిత్ బుట్ట పట్టుకుని, ఎవరూ కూర్చోని ఆ పక్క స్టూలు మీద కూర్చుంది.

“ఇక రాలేను వెర్నా. వీణ్ణి వదిలి రాలేను.”

“మీ ఆయన లేడూ?”

“ఉన్నాడు. కానీ ఆయనకు తెలియదు.”

వెర్నా చెంచా పక్కన పెట్టింది. “ఎల్డన్ అని ఒకడుండేవాడు. ట్రంపెట్. నువ్వు రాకముందులే. ఒక వేసవంతా ప్రతి శనివారం ఒకటే అడిగేవాడు. ‘ఒక్క పాటకి కిందికి దిగి నాతో డాన్సు చెయ్యి, అంతసేపు బ్యాండును ఓరిన్ చూసుకుంటాడు’ అని.”

“మీరేమన్నారు?”

“ఓరిన్‌కి తెలియదన్నాను.”

పొడుగు బల్ల దగ్గర ఓరిన్ ఏదో కథ చెప్పి నవ్విస్తున్నాడు. వెర్నా అటు చూసింది.

“వాడికి తెలుసు. అప్పుడూ తెలుసు. ఎల్డన్ ఒమాహా పట్నం వెళ్లిపోయి పెళ్లి చేసుకున్నాడు. నా బ్యాండు పాటకి నేను ఒక్కసారైనా అడుగు వెయ్యలేదు పిల్లా. అది ఎలా ఉంటుందో నాకు తెలియదు.”

వెర్నా వంగి బుట్టలోకి చూసింది. చిటికెన వేలితో దుప్పటి అంచు సవరించి, వెంటనే చెయ్యి తీసేసుకుంది.

“రావడం మానేస్తే మానెయ్. కానీ ముందు ఇంటికెళ్లి ఓ పెన్సిలు తీసుకో,” అని మెల్లగా ఇంకో రెండు ముక్కలు చెప్పి, కోటు తొడుక్కుని బయటికి నడిచింది. కిటికీ అద్దంలోంచి అందరికీ తెలిసిన ఆ వీపు కనిపించింది. తరవాత కారు ఒంటరిగా మలుపు తిరిగింది.

ఆ సాయంత్రం ఆర్డిత్ వంటింటి క్యాలెండరు ముందు లియోను కూర్చోబెట్టింది. ఇప్పుడు దాని నిండా కామాలే: కొన్ని ఆమెవి, కొన్ని లియోవి. శనివారాలన్నీ ఆమెవి, ఆ రోజు పిల్లాడు లియో దగ్గర. శనివారం గడప దాటుతుంటే అద్దం కోసం ఇప్పటికీ చెయ్యి సొరుగు వైపు పోతుంది. అప్పుడు వెర్నా చెప్పిన ఆ రెండు ముక్కలు లోపల అనుకుంటుంది, సాక్సఫోను పెట్టె ఎత్తుకుంటుంది:

“నీ గుర్తు వచ్చినప్పుడు నువ్వు పీల్చు. పక్కవాడు పట్టుకున్నాడా అని తిరిగి చూడకు.”