దసరా మర్నాడు ఎర్ర లైటు

ఆ రోజుల్లో నాకు చేతనైన పని కంటే నోటికి వచ్చిన మాటలే ఎక్కువ. డిగ్రీ అయ్యాక ఇంటింటికీ ఇంటర్నెట్ తీగలు లాగే ఒక చిన్న కంపెనీలో చేరాను. స్ప్లిట్టర్, ప్యాచ్ కార్డ్, సిగ్నల్ లాస్, అటెన్యుయేషన్ అంటూ శిక్షణలో విన్నవన్నీ సిరిసిల్లలో మా ఇంటికి మోసుకొచ్చి, అన్నం తింటూ అమ్మ మీద కుమ్మరించేవాణ్ణి. పగలంతా సాంచెల కార్ఖానాలో (మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు) కండెలకు దారం చుట్టి వచ్చే అమ్మ ఎదురు ప్రశ్న వేసేది కాదు. "మంచిగున్నది కొడుకా, ఇంకింత పప్పేసుకో" అనేది. ఆమెకు అంతా అర్థమైందని నేను, నాకింకా ఆకలి తీరలేదని ఆమె అనుకునేవాళ్ళం. ఆమె అనుకున్నదే నిజం.

దసరా మర్నాడు కోరుట్లలో నేను ఒక్కణ్ణే చేయాల్సిన మొదటి పని పడింది. కల్లుగీత మానేసి సిమెంటు దుకాణం పెట్టుకున్న ఒక కాకా ఇల్లు. ఆయన బిడ్డకు ఆ రోజు పదకొండు గంటలకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. వాళ్ళ గల్లీలో ఫోన్ సిగ్నల్ నిలవదు. అంతకుముందు ఒక ఇంటర్వ్యూ అలాగే సగంలో తెగిపోయి, వచ్చే ఉద్యోగం పోయిందట. "అరగంటల పని కాకా, నువ్వు రంది పడకు" అని ఫోన్‌లో మాటిచ్చింది నేనే. నేను వెళ్ళేసరికి ఆ అమ్మాయి ఇస్త్రీ చుడీదార్ వేసుకుని, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, తన గురించి ఇంగ్లీషులో గోడకు చెప్పుకుంటోంది.

తీగ లాగాను, గోడకు చిన్న పెట్టె బిగించాను, నా సంచిలోంచి ప్యాచ్ కార్డ్ అనే పొట్టి తీగ తీసి దానికీ మోడెమ్‌కూ కలిపాను. ఎర్ర లైటు. తీసి మళ్ళీ పెట్టాను. ఎర్ర లైటే. సంచిలోంచి రెండో కార్డ్ తీసి పెట్టాను, దాందీ అదే పాట. (ఈ తీగల్లో పారేది కరెంటు కాదు, వెలుతురు.) మీటర్ పెట్టి చూస్తే తీగలో అసలు వెలుతురే లేదంది. "ఏమైంది తమ్మీ?" అన్నాడు కాకా. "అటెన్యుయేషన్ ఎక్కువున్నది కాకా" అన్నాను గంభీరంగా. "గదెప్పుడు తగ్గుతది?" అన్నాడాయన, జ్వరం గురించి అడిగినట్టు.

నాకేం తెలుసు? తప్పంతా బయట స్తంభం మీదే ఉండాలని తీర్మానించుకుని నిచ్చెన వేశాను. మూడో మెట్టుకే కాళ్ళు వణికాయి. "ఏంది తమ్మీ గిట్ల వణుకుతున్నవ్? నా మోకు తెచ్చియ్యన్నా?" అన్నాడు కింద నుంచి కాకా. (మోకు నడుముకు కట్టి తాటిచెట్లెక్కిన మనిషి, నా నిచ్చెనను చూసి జాలిపడి ఉంటాడు.) పైన డబ్బా తెరిచి మీటర్ పెడితే అక్కడా వెలుతురు లేదంది. పక్కిళ్ళలో మాత్రం ఇంటర్నెట్ హాయిగా నడుస్తోంది! ఇంతలో లోపలి నుంచి అమ్మాయి గొంతు, "అన్నా, ఇంక పది నిమిషాలే ఉన్నది." మాటిచ్చి మరీ ఈ పిల్ల ఉద్యోగం చెడగొడుతున్నానని నిజంగానే ఏడుపొచ్చింది.

దిగి, ఏం చేయాలో తోచక ప్యాచ్ కార్డ్ కొనను తెల్ల కాగితంతో తుడిచాను. పసుపు మరక. రెండో కార్డ్ తుడిచాను, పసుపే. మీటర్ మూతిలో కూడా పసుపే, స్తంభం మీద దానికి వెలుతురు కనపడనిది అందుకే. ముందురోజు ఆయుధపూజ! అమ్మ కార్ఖానాలో సాంచెలకు, ఇంట్లో నా బండికి బొట్టు పెట్టి, చివరికి నా పనిముట్ల సంచి కూడా తెరిచిందన్నమాట. ఏ ఒక్కదాన్నీ చిన్నబుచ్చకుండా, మూతలున్నవాటికి మూతలు తీసి మరీ పసుపు పెట్టి, మళ్ళీ భద్రంగా మూతలు బిగించింది. పైపై బొట్లు పొద్దున చూసి మురిసిపోయాను గానీ, మూతల కింద ఏముందో చూడనే లేదు.

కొనలన్నీ, గోడ పెట్టె రంధ్రంతో సహా, స్పిరిట్‌తో తుడిచి కార్డ్ పెట్టాను. పచ్చ లైటు వెలిగింది. అమ్మాయి "గుడ్ మార్నింగ్ సర్" అంటుంటే కాకా, నేను తలుపు బయట గోడకానుకుని కూలబడ్డాం. "పోయిందా తమ్మీ, గా అటెన్యుయేషన్?" అని ఆయన చెవిలో అడిగాడు. "పోయింది కాకా" అన్నాను. ఎలా పోయిందో మాత్రం చెప్పలేదు. (ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. స్వీటు డబ్బాతో కాకా మా ఆఫీసుకే వచ్చాడు.)

సాయంత్రం ఇంటికి పోయి అమ్మ మీద ఎగిరిపడ్డాను. కనెక్టర్, సిగ్నల్ లాస్ అంటూ మళ్ళీ అవే మాటలు. ఆమె తెల్లమొహం వేస్తే విసిగిపోయి, "అండ్ల అద్దపు దారముంటదే అమ్మా, ఎంటికంత సన్నం! దాని కొసకు పసుపంటితే వెలుగు అవతలికి పోదు" అన్నాను.

అమ్మ ముఖం చిన్నబోయింది. ఆ వెంటనే కోపం వచ్చింది. "దారమా? ఇన్నేండ్ల సంది కండెలు చుడుతున్న, ఎన్నడన్న దారానికి పసుపంటనిచ్చిన్నా? అండ్ల దారమున్నదని ఒక్కనాడన్న చెప్పినవారా నాకు?"

చెప్పలేదు. అన్ని మాటలు చెప్పాను గానీ, ఆమెకు నాకంటే బాగా తెలిసిన ఆ ఒక్క మాట చెప్పలేదు.

ఇప్పుడు జగిత్యాలలో కొత్తగా చేరేవాళ్ళకు పని నేర్పుతున్నాను. మొదటిరోజు అద్దపు దారంతోనే మొదలుపెడతాను. అమ్మ ఇప్పటికీ ప్రతి దసరాకు నా సంచికి బొట్టు పెడుతుంది, కాకపోతే ముందుగా "దారాలన్ని లోపటికున్నయా?" అని అడుగుతుంది. ఆ పాత మీటర్ అంచున పసుపు ఇంకా పూర్తిగా పోలేదు. అది కనపడినప్పుడల్లా, నిచ్చెన మూడో మెట్టు మీద వణుకుతూ నిలబడ్డ ఆ పెద్ద మాటల కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. పాపం, వాడి మీద కాస్త ముద్దు కూడా వస్తుంది.