పళ్లుంటేనే పలికే తారీఖు

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు మీద ఉన్నంత భక్తి దేవుడి మీద కూడా ఉండేది కాదు. (ఆ రోజులంటే మరీ పాతవేం కావు, నాలుగేళ్ల కిందటివే.) మన తెలుగులో ఏ అంకెకైనా చివర ఒక ఓకారం తగిలిస్తే పని అయిపోతుంది: ఒకటో తారీఖు, రెండో తారీఖు, ఇరవై రెండో తారీఖు. ఇంగ్లీషులో ఫస్టుకో తోక, సెకండుకో తోక, ఇరవై దాటితే మళ్లీ మొదటికి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా స్పోకెన్ ఇంగ్లీష్ సార్ "తారీఖుకు థర్టీన్ అనొద్దు, థర్టీంత్ అనాలె. నాలుక పండ్ల నడుమ పెట్టి గాలి ఊదుండ్రి" అని నెల రోజులు ఊదించాడు. ముందు బెంచీ వాళ్లం తుంపర్లు తుడుచుకోవడానికి దస్తీలు వెంట తెచ్చుకునేవాళ్లం.

ఆ ఊదుడు ధైర్యంతోనే అక్కడి ఒక పళ్ల దవాఖానాలో రిసెప్షన్‌లో చేరాను. డాక్టరు మేడంది గుంటూరు వైపు. "నెల రోజులు చూస్తానమ్మా. ఫోన్‌లో ఇంగ్లీష్ బాగుంటే ఉంచుకుంటాను" అంది. నల్లగొండ పల్లె నుంచి వచ్చి ఎల్‌బీ నగర్‌లో కిరాయికి ఉంటున్న మా ఇంట్లో, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం నాదే మొదటిది. మా అమ్మ అప్పటికే చుట్టాలందరికీ చెప్పేసింది. ఇక అది పోతే నేను తలెత్తుకుని తిరగలేను.

అప్పుడు వచ్చాడు బత్తాయి తాత. బాటసింగారం మార్కెట్లో బత్తాయిల వ్యాపారం, నోట్లో ఒక్క పన్ను లేదు. పదిహేనో తారీఖున మనవరాలి పెళ్లి, ఆ విందులో మటన్ నల్లిబొక్క కొరకాలని కట్టుడు పళ్లు చేయించుకుంటున్నాడు. సెట్టు తయారై వచ్చింది. "పదమూడున రమ్మని చెప్పు, సరిచెయ్యడానికి ఒక రోజు చేతిలో ఉండాలి" అంది మేడం. నేను ఫోన్ చేసి గొంతు సవరించుకుని, "సర్, యువర్ టీత్ ఆర్ రెడీ. ప్లీజ్ కమ్ ఆన్ థర్టీంత్" అన్నాను.

"ఏంది బిడ్డా?"

"మీ పండ్లు రెడీ అయినయి సర్."

"నా పండ్లు పొద్దుగాలనే లోడెక్కినయి గద."

"బత్తాయిలు కావు తాతా, నోట్లె పండ్లు. థర్టీంత్‌కు రావాలె."

అవతల కాసేపు గాలి శబ్దం వచ్చింది. "తర్టీఫా?" అన్నాడు. "యెస్, యెస్, కరెక్ట్" అని పెట్టేశాను. ఆ ముక్క పలకాలంటే పళ్లుండాలని, ఆయన పళ్లేమో నా టేబుల్ మీది డబ్బాలో ఉన్నాయని నా మట్టిబుర్రకు తట్టలేదు.

పదమూడు సాయంత్రమైంది, తాత రాలేదు. మేడం తనే ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "ముప్పై తారీఖన్నది గదమ్మా గా పిల్ల. పెండ్లైనంక నాకు పండ్లెందుకు? మీరే ఉంచుకోండ్రి" అని పెట్టేశాడు. మేడం నా వైపు తిరిగి, "రేపు పదకొండింటికి ఆయన ఈ కుర్చీలో ఉండాలి. లేకపోతే నువ్వు ఆ కుర్చీలో ఉండవు" అంది.

తెల్లారి ఎల్‌బీ నగర్‌లో బాటసింగారం బస్సెక్కి, పెద్ద అంబర్‌పేట్ దాటేదాకా ఏడుపు ఆపుకుంటూనే ఉన్నాను. తాత బత్తాయిల కుప్ప పక్కన అలిగి కూర్చున్నాడు. "వంటాయనకు ఖీమా చెయ్యమని చెప్పిన. నువ్వు పో" అన్నాడు.

"నేను చెప్పింది పదమూడో తారీఖు తాతా. తప్పు నాదే. నువ్వు రాకుంటే నా నౌకరి పోతది."

తాత నన్ను ఎగాదిగా చూశాడు. "గా ముక్క గప్పుడే తెలుగుల చెప్తే నీ నోరు పోతుండెనా?" అంటూనే చెప్పులేసుకున్నాడు. నాకు ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

పళ్లు పెట్టడం అయ్యాక మేడం, "ఏదైనా మాట్లాడండి, సరిగ్గా కూర్చున్నాయో లేదో చూద్దాం" అంది. తాత నా వైపు తిరిగాడు. నాలుక కొత్త పళ్ల మధ్య పెట్టి, తీరిగ్గా గాలి ఊది, "థర్టీంత్" అన్నాడు. మా సార్ కూడా ఏనాడూ అంత శుభ్రంగా పలకలేదు. మేడం నవ్వాపుకోలేక మాస్కు పైకి లాక్కుంది. నా ఉద్యోగం నిలబడింది.

ఇప్పటికీ అదే కుర్చీలో ఉన్నాను. ఎవరికి ఫోన్ చేసినా తారీఖు తెలుగులో చెప్పి, పక్కన వారం కూడా చెప్తాను. మొన్న మెట్రో మెట్ల మీద జారి నా ముందు పళ్లు రెండు ఊడాయి. అద్దం ముందు నిలబడి థర్టీంత్ అని చూసుకుంటే ఫుస్సుమంది. దస్తీ పట్టుకుని ముందు బెంచీలో ఊదిన ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి, దాని మీద కోపం రాలేదు, ముద్దొచ్చింది. "నీ పళ్లు ఎప్పుడు పెట్టమంటావే?" అని మేడం అడిగితే, "పదమూడో తారీఖు మేడం, శుక్రారం" అన్నాను.