మూడు కార్లలో వచ్చిన మైకక్క

ఆ నాలుగంతస్తుల బట్టల దుకాణంలో మైకక్క ముఖం చూసినవాళ్లు తక్కువ, గొంతు విననివాళ్లు లేరు. రెండో అంతస్తులో దుప్పట్ల వెనక అగ్గిపెట్టెంత గాజుగదిలో కూర్చుని, "తువ్వాళ్ల దగ్గర దొరికిన నాలుగేళ్ల పాప మా వద్ద క్షేమంగా ఉంది, అయితే తప్పిపోయింది తాను కాదనీ, వాళ్ల నాన్న అనీ ఆమె గట్టిగా వాదిస్తోంది" అని ఆమె ప్రకటిస్తే, చీరలు మడతపెట్టేవాళ్లు కూడా చేతిలో పని ఆపి నవ్వేవారు.

ఆ ఉద్యోగం ఆమెకు ఆసుపత్రి మంచం మీద పుట్టింది. ఇరవై రెండో ఏట స్కూటరు ప్రమాదంలో వెన్ను విరిగి, నడుము కింది భాగం మాట వినడం మానేసింది. ఆరు నెలలు పడుకున్న చోటే పడుకుని, రోగులను పిలిచే మైకు గొంతును అచ్చుగుద్దినట్టు అనుకరించడం నేర్చుకుంది. ఒకరోజు ఆమె పిలిచిన పిలుపుకి నిజంగానే ముగ్గురు రోగులు లేచి ఎక్స్‌రే గదికి వెళ్లిపోయారు. నర్సమ్మ తిట్టబోయి, పగలబడి నవ్వి, "ఈ విద్యకి ఎక్కడైనా జీతమిస్తారే" అంది. ఇచ్చారు. పదకొండేళ్లుగా ఇస్తూనే ఉన్నారు.

ఆమె కారుకి బ్రేకూ, వేగం పెంచే మీటా రెండూ చేతి దగ్గరే. నడపడం సులువు, దిగడమే ఒక క్రతువు. తలుపు బార్లా తెరవాలి. పక్క సీట్లో పడుకోబెట్టిన చక్రాల కుర్చీని ఒడి మీదుగా బయటికి లాగాలి, చక్రాలు ఒక్కొక్కటే తగిలించాలి, ఆపైన చేతుల మీద లేచి సీట్లోంచి కుర్చీలోకి జరగాలి. అలవాటైన చేతులకు నాలుగు నిమిషాల పని. కానీ పక్కన మరో బండి పట్టేంత ఖాళీ ఉండాలి. అందుకే దుకాణం గుమ్మం పక్కన, ర్యాంపు దగ్గర, నీలం రంగు వేసి చక్రాల కుర్చీ బొమ్మ గీసిన రెండు చోట్లుండేవి.

ఉండేవన్న మాటే గాని, ఖాళీగా ఉండేవి కావు. "రెండే నిమిషాలు" అనేవాళ్లందరికీ అవి పుట్టిల్లు. ఒకాయనైతే, "మా బండి టైరు పంక్చరైందమ్మా, అదీ వికలాంగురాలే కదా" అని జవాబిచ్చాడు. కాపలా ఉండే ఈల తాత ఊపిరంతా పోసి ఈల ఊదితే, తమకు స్వాగతం పలుకుతున్నాడనుకుని చెయ్యి ఊపి లోపలికి పోయేవాళ్లు. చివరికి దుకాణంవాళ్లు ఒక కట్టుబాటు పెట్టారు: ప్రభుత్వమిచ్చిన ఫొటో కార్డు అద్దం వెనక పెట్టినవాళ్లకే ఆ చోటు. మైకక్క హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఆ హాయి సరిగ్గా మూడు వారాలు నిలిచింది.

ఏడాదికోసారి వచ్చే తగ్గింపు అమ్మకాల మొదటి రోజది. పదింటికి బహుమతుల చీటీలు తీసి మైకులో చదవాలి. పావు తక్కువ పదికి వచ్చి చూస్తే రెండు చోట్లూ నిండి ఉన్నాయి. మొదటి దాంట్లో ఎర్ర జీపు. ఎవరో తనలాంటి వాళ్లే అయ్యుంటారులే అనుకుని, అద్దం వెనక కార్డు కోసం తొంగి చూసింది.

కార్డు ఉంది. కార్డులో తానే ఉంది.

నూనె రాసి జడ వేసుకుని, ఫొటో తీసేటప్పుడు తుమ్ము ఆపుకున్న అదే ముఖం. మైకక్క కళ్లు నులుముకుని పక్క చోటు చూసింది. అక్కడున్న బూడిదరంగు కారులోంచి కూడా తానే తుమ్ము ఆపుకుంటూ చూస్తోంది. ఆ కారు వెనక 'జిరాక్సు, లామినేషన్ క్షణాల్లో' అని రాసి ఉండటంతో గుట్టు రట్టయింది. ఆ కారు ఆమె సొంత అన్నయ్యది.

"తాతా, వీళ్లనెలా వదిలావు?"

"కార్డుంది కదమ్మా! నీ బొమ్మే ఉంటే నేనెలా ఆపను? కారు మార్చావేమో అనుకున్నా."

"రెండు కార్లా?"

"పదోన్నతి వచ్చిందేమో అనుకున్నా తల్లీ."

మైకక్కకు ముందు ఒళ్లు మండింది, ఆ వెంటనే కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. రెండూ కలిసి గొంతులో ఒక వింత చప్పుడయ్యాయి. తాత కాపలా కూర్చునే డబ్బా గదిలో దుకాణం మైకుకి కలిపిన ఫోనుందని ఆమెకు గుర్తొచ్చింది.

"ఆ ఫోనిలా ఇవ్వు తాతా."

"అమ్మో, అది మంటలంటుకుంటేనే వాడాలి."

"నా ఒళ్లు మండుతోంది. చాలదా?"

చాలింది. మరుక్షణం నాలుగంతస్తుల్లోనూ ఆమె గొంతు తేనెలా జారింది. "కొనుగోలుదారులందరికీ నమస్కారం. ఈ ఉదయం మైకక్క మూడు కార్లలో దుకాణానికి విచ్చేసింది. ఒక మైకక్క బయట ఎండలో ఉంది. లోపలున్న ఇద్దరు మైకక్కలూ వెంటనే గుమ్మం దగ్గరికి వచ్చి, తమ బళ్లు తీసి, మూడో మైకక్కకు దారి ఇవ్వవలసిందిగా ప్రార్థన. గుర్తులు: ఒక మైకక్కది ఎర్ర జీపు. ఇంకో మైకక్క జిరాక్సు తీస్తుంది."

దుకాణమంతా గొల్లున నవ్వింది. బేరాలు ఎక్కడివక్కడ వదిలేసి జనం గుమ్మం దగ్గర మూగారు. మొదట వచ్చింది ఎర్ర జీపు మైకక్క. ఆరడుగుల మనిషి, వ్యాయామశాల మాస్టారు. మూడేసి మెట్లు దూకుతూ వచ్చినవాడు, జనాన్ని చూసి చివరి పది అడుగులూ కుంటడం మొదలుపెట్టాడు.

"ఏ కాలండీ?" అంది మైకక్క మర్యాదగా.

"కుడి... కుడికాలు."

"ఇప్పుడు కుంటింది ఎడమకాలండీ" అన్నాడు తాత.

మాస్టారు సిగ్గుతో కందగడ్డయిపోయి, "మీ అన్నగారే ఇచ్చారమ్మా. లామినేషన్ చేయించుకుంటే ఇది ఉచితమన్నారు" అంటూ కార్డు ఆమె చేతిలో పెట్టి జీపు తీశాడు.

ఆ అన్నగారు మాత్రం ఎంతకీ రాలేదు. చివరికి గుమ్మం పక్కన వరసగా నిలబెట్టిన బట్టల బొమ్మల్లో ఒకదానికి చెమట పడుతోందని ఒక పిల్ల కనిపెట్టింది. కొత్త ప్యాంటు వేసి చూసుకుంటూ మధ్యలో పరుగెత్తుకొచ్చాడేమో, ధర చీటీ వెనకాల తోకలా వేలాడుతోంది.

"అలా చూస్తావేంటే?" అన్నాడు బొమ్మ వేషం విడిచి. "ఆ కార్డు కోసం మూడు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగిందెవరు? అరిగిన చెప్పులెవరివి?"

"నీవే."

"మరి అందులో నాకు పిసరంత హక్కు లేదా?"

"అన్నయ్యా, అరిగింది చెప్పులు. కాళ్లు కాదుగా!"

జనం చప్పట్లు కొట్టారు. అన్నయ్య గొణుక్కుంటూ కారు తీసి అవతల రెండు బళ్ల మధ్య ఇరుకులో పెట్టొచ్చాడు. ఈలోగా మైకక్క తన చోట్లో కారు నిలిపి, నాలుగు నిమిషాల్లో కుర్చీలోకి మారింది. అది చూసి అతను ఊరుకోకుండా, "ఈ మాత్రందానికి అంత చోటెందుకే? నేను పెట్టిన దాంట్లో దిగలేవా?" అనేశాడు.

"నువ్వు దిగి చూపించు. కాళ్లు కదపకూడదు."

తాత దుకాణంలో ఉన్న చక్రాల కుర్చీ తెచ్చి అతని పక్క సీట్లో పడేశాడు. అన్నయ్య ఎక్కి కూర్చుని తలుపు తీశాడు. జానెడు తెరుచుకుని పక్క బండికి తగిలి ఆగింది. ఆ జానెడు సందులోంచి కుర్చీని లాగాడు. చక్రం స్టీరింగుకి చిక్కింది. విడిపించబోతే మోచేయి హారను మీద పడి అది మోగుతూనే ఉంది. తల, ఒక భుజం బయటికొచ్చాయి, కుర్చీ అటు అడ్డం పడింది, ధర చీటీ సీటు సందులో ఇరుక్కుంది.

"కాళ్లు కదిలాయి!" అని పిల్లలు అరిచారు.

"కదల్లేదు, వణికాయి!" అని అతను అరిచాడు.

మైకక్క కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వింది. చివరికి వ్యాయామం మాస్టారే వచ్చి, బరువులెత్తే చేతులతో అతన్ని ముల్లంగిని పెకలించినట్టు పెకలించాడు. అన్నయ్య ఒగరుస్తూ ఆ జానెడు సందుకేసి చూశాడు.

"రోజూ ఇలాగేనా?" అన్నాడు మెల్లగా.

"చోటు దొరకని రోజు దిగనే దిగను. ఇంటికి తిరిగొచ్చి, ఒంట్లో బాగాలేదని చెబుతాను."

"నాకెప్పుడూ చెప్పలేదేంటే?"

"నువ్వు మళ్లీ చెప్పులరగదీసుకుంటావని."

మేనేజరు తిడదామని వచ్చినవాడు, అంత జనాన్ని ఒక్కచోట చూసి మనసు మార్చుకుని, చీటీల డబ్బా గుమ్మం దగ్గరికే తెప్పించాడు. ఆ ఏడు బహుమతులు ర్యాంపు మీదే ప్రకటించారు.

అన్నయ్య పంచినవి మొత్తం పదకొండు కార్డులని తేలింది. వారం రోజులు స్నేహితుల ఇళ్లచుట్టూ, వాళ్ల బంధువుల ఇళ్లచుట్టూ తిరిగి తొమ్మిది వెనక్కి తెచ్చి, మాస్టారిచ్చిన దానితో కలిపి పదీ చెల్లెలి ముందే ముక్కలు చేశాడు. పదకొండోది పట్టుకుపోయినవాడు ఎవరో గుర్తు రాలేదు. కట్టుబాటులో ఒక మాట చేరింది: కార్డులో బొమ్మా, దిగే మనిషీ ఒకరే కావాలి. ఈల తాత ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని మరీ పోల్చుకుంటున్నాడు. అయినా అప్పుడప్పుడూ ఎవరో ఒకరు రెండు నిమిషాలకని దూరుతూనే ఉంటారు, మైకులో వాళ్లకు తగిన స్వాగతం అందుతూనే ఉంటుంది.

మొన్నొక సాయంత్రం కూడలిలో ఎర్రదీపం దగ్గర ఆగి ఉండగా, పక్కన ఆగిన పచ్చ కారు అద్దం వెనకనుంచి మైకక్కను మైకక్కే తుమ్ము ఆపుకుంటూ చూసింది. లోపలున్న పెద్దమనిషి ఈమెను చూశాడు, కార్డును చూశాడు, మళ్లీ ఈమెను చూశాడు. మైకక్క అద్దం దించి చెయ్యి చాచింది. అతను తన అద్దమూ దించి కార్డు ఇచ్చేశాడు.