నూట నలభై మూడు నవ్వులు

ఆ రోజుల్లో సినిమా ఎలా ఉందని అడిగితే మా ధవళేశ్వరంలో ఎవరూ అంకెలతో జవాబు చెప్పేవారు కారు. "అబ్బో, పొట్ట చెక్కలయిందండి" అనేవారు ఒకరు. "ఏముందండీ, శుద్ధ దండగ" అనేవారు మరొకరు. ఇద్దరూ ఒకే ఆటకు వెళ్ళి, ఒకే బెంచీ మీద కూర్చుని చూసినవారే! ఈ రోజుల్లోనూ పరిస్థితి మెరుగుపడిందని నేననుకోను. టీవీలో హాస్య కార్యక్రమం పెడితే మాట పూర్తి కాకముందే న్యాయనిర్ణేతలు కుర్చీల్లోంచి జారిపోతూ నవ్వుతారు. వారి వెనక ఎవరో కనపడని మనుషులు నవ్వుతారు. వారెంతమందో, ఎక్కడ కూర్చున్నారో ఎవరూ చెప్పరు. హాస్యం విషయంలో నా అభిప్రాయం అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే: కొలవకుండా తీర్పు చెప్పకూడదు. అయితే కొలిచేవాడు ఎలా కూర్చోవాలన్నది మాత్రం కొంత పరువు పోగొట్టుకున్నాకే నేర్చుకున్నాను.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. ఆనకట్ట దగ్గర నీటిపారుదల కార్యాలయంలో గేజి చూసే గుమాస్తాను. గోదావరిలోకి దిగే మెట్ల పక్కన రాతి మీద అడుగులు, అడుగులో భాగాలు గీతలుగా చెక్కి ఉండేవి. నీరు ఏ గీతను తాకుతోందో చూసి రిజిస్టరులో రాయడం నా ఉద్యోగం. వరద రోజుల్లో గంటగంటకూ రాయాలి. ఆ అంకెను బట్టే లంకల్లోని వాళ్ళు గొడ్డూ గోదా తోలుకుని గట్టెక్కాలో, ఇంట్లోనే ఉండాలో నిర్ణయించుకునేవారు. నేను రాసిన అంకెను రెండోసారి చూడవలసిన అవసరం అంతవరకు ఎవరికీ రాలేదు. నాకు జీతం కన్నా ఆ గౌరవమే గొప్పగా ఉండేది. (జీతం అంత తక్కువ కావడం కూడా ఇందుకు ఒక కారణం.)

మా అక్క భర్త అదే కార్యాలయంలో పటాలు గీసే డ్రాఫ్టుమన్. వారి క్వార్టర్సులోనే నా భోజనం, పడక. బావగారికీ నాకూ అన్ని విషయాల్లోనూ సఖ్యతే గాని, హాస్యనటుల దగ్గర మాత్రం పొసగేది కాదు. నాకిష్టమైన నటుడు ముఖంలో ఏమీ కదలనివ్వకుండా మాట వదిలేసి, తనకేమీ తెలియనట్టు పక్కకు చూసేవాడు. బావగారి అభిమాన నటుడు ముందు కళ్ళు తిప్పి, తర్వాత పంచె ఎగ్గట్టి, చివరకు బురదలో పడేవాడు. "పడితేనే నవ్వుతారా, బావా?" అంటే, "నవ్వొస్తే నవ్వాలోయ్, అర్జీ పెట్టుకుని నవ్వుతామా ఏంటి?" అనేవారు.

మా కాలనీ క్లబ్బువారు ఏటా వినాయక చవితికి ఖాళీ స్థలంలో తెర కట్టి ఒక సినిమా వేయించేవారు. ఆ ఏడు ఏ సినిమా తెప్పించాలన్న చర్చలో బావగారు తమ నటుడి సినిమాకూ, నేను నా నటుడి సినిమాకూ పట్టుబట్టాం. క్లబ్బు అధ్యక్షులైన మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు (అందరం పెద్దసారు అనేవాళ్ళం) విని విని విసిగి, నా వైపు తిరిగి, "నువ్వు లెక్క మనిషివి కదయ్యా. నువ్వే తేల్చు" అన్నారు. ఆ మాట నాకు ప్రభుత్వ ఉత్తర్వుతో సమానం.

అదృష్టవశాత్తు ఆ రెండు పాత సినిమాలూ రాజమండ్రిలో ఒకే హాల్లో వరుసగా పడ్డాయి. రెండింటికీ మ్యాట్నీకే వెళ్ళాను. రెండుసార్లూ కుర్చీ తరగతి, నడిమి వరసలో నడిమి సీటు. చేతిలో నోటుపుస్తకం, అందులో చిరునవ్వు, నవ్వు, ఈలతో కూడిన నవ్వు, రిమార్క్సు అని నాలుగు గడులు. హాలు చీకటి కాబట్టి, తెల్లవారకముందు గేజి చూడటానికి వాడే చిన్న టార్చిలైటును పళ్ళ మధ్య పట్టుకున్నాను. నవ్వు వినపడగానే లైటు వెలిగించి, ఒక గీత గీసి, ఆర్పేయడం నా పద్ధతి. నా నటుడి సినిమాకు నూట నలభై మూడు నవ్వులు వచ్చాయి. మరుసటి వారం బావగారి సినిమాకు అరవై ఒకటే. (ఆ రోజు టార్చిలో బ్యాటరీ అయిపోయి, చీకట్లో తడుముకుంటూ గీతలు గీశాను. ఆ సంగతి కూడా రిమార్క్సు గడిలో నిజాయితీగా రాశాను.) బావగారు గీతలన్నీ వేలితో మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకున్నారు. "సరేనోయ్, నీ వాడే గెలిచాడు" అన్నారు చివరకు.

చవితి నాటికి వరద తగ్గుముఖం పట్టింది. సాయంత్రం ఏడింటికి కాలనీ అంతా చాపలు పరుచుకుని తెర ముందు కూర్చుంది. నేను ఒక పక్కగా, అందరి ముఖాలూ కనపడేటట్టు నిలబడ్డాను. మొదటి పావుగంట ఎవరూ నవ్వలేదు. కథ ఇంకా అందుకోలేదు కదా అనుకున్నాను. అరగంట గడిచింది. వెనక వరసలో ఎవరో ఆవులించారు. పెద్దసారు గారి భార్య పక్కావిడతో, "ఇది నవ్వుల సినిమాయేనా అండీ?" అని మెల్లిగా అడిగారు. ఆట ముగిసేసరికి మొత్తం తొమ్మిది నవ్వులు. అందులో రెండు, తెర ముందు నుంచి నడిచివెళ్ళిన కుక్కకు పడినవి.

చాపలు చుట్టుకుంటూ మా హెడ్డుగుమాస్తా గారు నలుగురూ వినేలా అన్నారు: "ఏవండీ, గోదారి లెవెలు కూడా ఇలాగే రాస్తున్నారాండీ?"

అందరూ నవ్వారు, పెద్దసారు తప్ప. ఆయన నవ్వకపోవడంతోనే నాకు భయం వేసింది. ఆ భయం నిజమైంది. మర్నాడు ఉదయం ఆరింటికి నేను గేజి దగ్గరకు వెళితే, మెట్ల మీద బావగారు నిలబడి ఉన్నారు. "ఏమీ అనుకోకోయ్. నువ్వు చూశాక నన్ను కూడా ఒకసారి చూడమన్నారు" అన్నారు నేలచూపులు చూస్తూ. నా అంకె పక్కన రెండో మనిషి చూపు పడటం అదే మొదలు. రెండోది ఉంటే మూడోది రావడానికి ఎంతసేపు? ఈ లెక్కలో తప్పెక్కడుందో పట్టుకోనిదే అన్నం ముట్టనని అక్కతో చెప్పి, ఉదయం బస్సుకే రాజమండ్రి వెళ్ళాను. (నిజానికి దారిలో రెండు ఇడ్లీలు తిన్నాను. ఇడ్లీ అన్నం కాదు.)

హాలు దగ్గర, సీట్లు చూపించే ముసలాయన నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "మీరాండీ బాబూ! మళ్ళీ ఎప్పుడొస్తారా అని మా కుర్రాళ్ళు ఒకటే అడుగుతున్నారండీ!"

"నన్నా? ఎందుకు?"

"ఎందుకేంటండీ! బొమ్మలో ఎవరో నవ్వుల మాటంటే జనం నవ్వేవోరు. యెంటనే మీరు లైటేసేవోరు. నోట్లో లైటు, కింద నుంచి ముక్కు మీద వెలుగు, చీకట్లో మీ మొహమొక్కటే! అది చూసి జనం మళ్ళీ నవ్వేవోరండీ. ఆ నవ్వుకి మీరు మళ్ళీ లైటేసేవోరు. తల్లి పాత్ర చచ్చిపోయే సీనులో కూడా ఆపలేదండి మీరు!"

నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. నోటుపుస్తకం తెరిచి చూస్తే, ఆ తల్లి మరణ ఘట్టానికి ఎదురుగా పదకొండు గీతలున్నాయి. జనానికి హృదయం లేదని అప్పట్లో నేను బాధపడ్డాను కూడా. బ్యాటరీ లేని రోజున అరవై ఒకటి ఎందుకు వచ్చాయో వేరే చెప్పనక్కర్లేదు. అవి సినిమావి. నూట నలభై మూడులో అధికభాగం నావి.

మా ధవళేశ్వరంలో ఈ విషయం నాకు తప్ప రెండో మనిషికి తెలియదు. బస్సులో తిరిగి వస్తూ, "ప్రింటు పాడైంది, మాటలు సరిగా వినపడలేదు" అని చెబితే సరిపోతుందని ఒక ఊహ వచ్చింది. రాలేదని అబద్ధమాడను. వచ్చింది, కొంతసేపు పక్కన కూర్చుంది కూడా. కాని మా కార్యాలయంలో ఒక పద్ధతి ఉంది: రిజిస్టరులో తప్పు పడితే చెరపకూడదు, దిద్దకూడదు, కాగితం చింపకూడదు. పాత అంకె కనపడేటట్టు ఒక్కటే గీత కొట్టి, పైన సరైన మాట రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. నీటికి ఒక పద్ధతీ, నవ్వులకు మరొకటీ ఉండకూడదని నిశ్చయించుకున్నాను.

ఆ సాయంత్రం క్లబ్బులో అందరూ ఉండగా నోటుపుస్తకం పెద్దసారు ముందు బల్ల మీద పెట్టి, నిలబడి చదివాను: "నూట నలభై మూడు అన్న అంకె కొట్టివేయడమైనది. సదరు నవ్వులు సినిమాకు చెందినవి కావు. పరిశీలకుడి ముఖానికి చెందినవి." ఆ తరువాత గీత కొట్టి, పొట్టి సంతకం పెట్టాను. సరిగ్గా ఎలా జరిగిందో చూపించమన్నారు. టార్చి నోట్లో పెట్టుకుని చూపించాను. హెడ్డుగుమాస్తా గారు కుర్చీ మీద నుంచి నిజంగానే కింద పడ్డారు. పెద్దసారు కళ్ళద్దాలు తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. గేజి సంగతి మాత్రం ఎత్తకుండానే ఇంటికి వెళ్ళిపోయారు.

రాత్రంతా సరిగా నిద్ర పట్టలేదు. ఉదయం ఆరింటికి గేజి దగ్గరకు వెళ్ళేసరికి బావగారు పై మెట్టు మీదే నిలబడి ఉన్నారు. నేను నీటి దాకా దిగి, వంగి చూశాను. ఆయన దిగలేదు. అక్కడే కూర్చుని, రిజిస్టరు మోకాలి మీద పెట్టుకుని, పై నుంచే, "ఎంతోయ్?" అని కేకేశారు.

"తొమ్మిది పాయింటు నాలుగు, బావా!"

రాసుకున్నారు. సరిచూసినవారి గడిలో, నీటి వంకైనా చూడకుండా, పొట్టి సంతకం పెట్టి, నేను పైకెక్కి రాగానే రిజిస్టరు నా చేతికిచ్చారు. "రేపటి నుంచి నేను రానక్కర్లేదని పెద్దసారు చెప్పార్లే" అని, చేతులు వెనక్కి కట్టుకుని ఇంటివైపు నడిచారు. నేను ఆ సంతకాన్ని చూస్తూ తడి మెట్టు మీదే చాలాసేపు కూర్చున్నాను. అంత చిన్న సంతకానికి అంతగా పొంగిపోయిన ఆ కుర్రవాడు ఇప్పుడు ఎక్కడైనా కనపడితే, చెయ్యి పట్టుకుని ఒక మ్యాట్నీకి తీసుకువెళ్ళాలని ఉంది. టిక్కెట్టు నేనే కొంటాను.